రంగుల పుస్తకం పక్కన పెట్టవలసిన కాగితాలు

గోదావరిఖనిలో నేను రోజూ వెళ్లే గ్రంథాలయంలో, వార్తాపత్రికల బల్ల పక్క అరలో, ఒక పలుచని రంగుల పుస్తకం ఉంది. నున్నటి కాగితం. నడిమి పేజీలో నా ఫోటో ఉంది. నా పక్కన ఒక అమ్మాయి. మా ఇద్దరి చేతుల్లో తలుపంత అట్ట చెక్కు. ఒక మంచి మార్గదర్శి దొరికితే కార్మికుని బిడ్డ వ్యాపారవేత్త ఎలా అవుతుందో చూడండి అని దాని కింద రాశారు. ఆ మార్గదర్శిని నేను. ఆ పేజీ మొత్తంలో నిజమైనది ఒక్కటే, ఆ అమ్మాయి మొహంలో నవ్వు లేకపోవడం.

ఆ పుస్తకాన్ని తీసేయమని లైబ్రేరియన్‌ను అడిగాను. ఇరవై ఏళ్లుగా నాకు పుస్తకాలు ఇస్తున్న మనిషి.

"నేనెట్ల తీస్త? రిజిస్టర్ల ఎక్కింది" అన్నాడు. "గది అబద్ధమైతే నిజమేందో నువ్వు రాసియ్యి. దాని పక్కనే పెడ్త."

నేను చదవడం నేర్చుకున్న చోట, నన్ను మనిషిని చేసిన అరల్లో, నా మొహంతో ఒక అబద్ధం కూర్చుని ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పదో తరగతి తప్పాను. నాన్న తర్వాత బొగ్గు గనుల కంపెనీలో చేరి, భూగర్భ గని పైన ల్యాంపు రూంలో కుదురుకున్నాను. కిందికి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను కిటికీలో ఇచ్చి అదే నంబరు దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. హుక్కుకు బిళ్ళ మిగిలిందంటే లోపల మనిషి మిగిలాడని అర్థం. ఆ బిళ్ళల లెక్క చూడటమే నా పని. డ్యూటీ దిగగానే లైబ్రరీ. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆర్థికశాస్త్రం చదివాను, చరిత్ర చదివాను, వ్యాపారంలో గెలిచినవాళ్ల జీవితాలు చదివాను. గిరాకీ, సరఫరా సూత్రాలను మా కాలనీలో డిగ్రీ పిల్లలకు విడమరిచి చెప్పేవాణ్ణి. ఎవరూ బడికి పంపి నేర్పని చదువు అది, నా అంతట నేను సంపాదించుకున్నది. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

ఆ గర్వాన్ని చూసే నన్ను పిలిచారు. హైదరాబాదు నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ వచ్చి, యువతకు వ్యాపారం, డబ్బు మెళకువలు నేర్పుతామంది. పన్నెండు ఆదివారాలు, కాలనీ కమ్యూనిటీ హాల్లో. నేర్పేవాళ్లందరూ జీతం లేని వాలంటీర్లే. రిటైరైన ఒక బ్యాంకు ఆఫీసరు మాకు పెద్ద. హైదరాబాదు నుంచి వచ్చే ఒక కుర్రాడు సమన్వయకర్త. అతను ఎప్పుడు చూసినా ఫోన్లో ఫోటోలు తీస్తూనే ఉంటాడు. ఇంకొకణ్ణి నేను. నా మెడలో ఒక కార్డు వేశారు. 'మెంటర్' అని ఉంది దాని మీద. ఇంటికి పోయాక కూడా దాన్ని తీయలేదు నేను.

పిల్లలు ముప్పై మంది దాకా వచ్చారు. సగం మంది బిస్కెట్ల కోసం, మిగతా సగం సర్టిఫికెట్ కోసం. మొదటి ఆదివారం సమన్వయకర్త ఒక్కొక్కరినీ లేపి, ఐదేళ్ల తర్వాత ఎక్కడ ఉంటారని అడిగాడు.

"బాయి మీద ఉంట సార్" అన్నాడు ఒకడు. గనిని మేం బాయి అంటాం.

"అంటే బొగ్గు వ్యాపారమా?"

"కాదు సార్. గప్పటికి మా బాపు అన్‌ఫిట్ అయితడు. ఆయన నౌకరి నాకొస్తది."

"మరి అవ్వకపోతే?"

"గట్ల అనకు సార్, మా అమ్మ మొక్కిన మొక్కులు ఏంగావాలె?"

హాలంతా నవ్వింది. తండ్రి ఒంట్లో ఏం చెడితే డాక్టర్లు పనికి పనికిరాడంటారో మా పిల్లలకు ఎక్కాలకంటే ముందే వస్తుంది. సమన్వయకర్తకు ఆ నవ్వు అర్థం కాలేదు. "గ్రేట్ ఎనర్జీ" అని ఫోటో తీసుకున్నాడు.

ఆ పిల్లల్లో నిజంగా వ్యాపారం తెలిసింది ఒక్క అమ్మాయికే. ఆమెను తీసుకొచ్చింది నేనే.

మొదటి షిఫ్టు బస్సులు ఆగే చౌరస్తాలో, తెల్లారక ముందే ఆమె గంపతో నిలబడేది. ఆమె తండ్రి ముందు భూగర్భంలో, తర్వాత పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు కింద పనిచేసి, నడుము విరిగి మంచం పట్టాడు. పర్మినెంటు కాదు కాబట్టి ఆయన వెనుక ఏ నౌకరీ రాదు. తల్లి జొన్నరొట్టెలు కాల్చేది, కూతురు అమ్మేది. రొట్టెలో ఎల్లిగడ్డ కారం రాసి గట్టిగా చుట్టి, కింది సగానికి పాత పేపరు చుట్టి, కొసను మెలిపెట్టేది. దాన్ని తోక అనేవాళ్లు. గనిలో కింద చేతులు బొగ్గు పట్టి ఉంటాయి. కడుక్కోవడానికి నీళ్లుండవు. తోక పట్టుకుని పైనుంచి కొరుక్కుంటూ వస్తే నల్లచెయ్యి రొట్టెకు తగలదు. చివర పేపర్లో మిగిలిన ముక్కను మాత్రం ఎవరూ తినరు. ఎలుకలకు వేస్తారు. పైకప్పు కదిలే ముందు ఎలుకలే మొదట ఉరుకుతాయట. వాటి వాటా వాటికి పెట్టాలని కిందివాళ్ల కట్టుబాటు. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నాను. ఇరవై ఏళ్లు వాళ్లకు దీపాలు ఇచ్చాను, ఎవరి నంబరు ఏదో నిద్రలో లేపినా చెబుతాను. కింద ఎలా తింటారో మాత్రం ఎన్నడూ అడగలేదు.

ఆమెకు ఒక పొయ్యి కావాలి. హోటళ్లలో ఉండే పొడవాటి పెనం పొయ్యి, ఆరు రొట్టెలు ఒకేసారి కాలేది. ఇంట్లో పొయ్యి మీద ఒక్కొక్కటే కాలుస్తూ తల్లి కోడి కూయక ముందే లేచేది. మా కార్యక్రమంలో మొదటి బహుమతి వస్తే ప్రారంభ పెట్టుబడి ఇస్తారు. ఆ డబ్బుతో పొయ్యి వస్తుంది. ఇదీ నేను ఆమెకు చెప్పిన మాట.

చేరే ఫారంలో ఒక గడి ఉంది. ప్రస్తుతం వ్యాపారం ఉందా? ఉంటే చేర్చుకోరు, లేనివాళ్లకే ఈ శిక్షణ.

"లేదని రాస్తె అబద్ధం గాదా కాక? రోజు అమ్ముతున్న గద" అంది. చిన్నాన్న వరసవాణ్ణి మేం కాక అంటాం.

"బిడ్డా, గది వ్యాపారం కాదు. ఉత్త అమ్ముకునుడు. వ్యాపారమంటె వేరే ఉంటది."

"ఏముంటది?"

"ప్లాన్ ఉంటది."

"ప్లాన్ లేకుంటనే ముప్పై రొట్టెలు పోతున్నయా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే, బాగుంటుందని అందరూ మెచ్చుకునే నా దస్తూరిలో, ఆ గడిలో 'లేదు' అని రాశాను.

నాలుగో ఆదివారం సమన్వయకర్త మొహం మాడ్చుకుని వచ్చాడు. ఆమె చౌరస్తాలో అమ్ముతున్న ఫోటో ఎవరో అతనికి పంపారు.

"సార్, ఫారంలో వ్యాపారం లేదని ఉంది. మన శిక్షణకు ముందు సున్నా, తర్వాత ఇంత అని చూపించాలి. ఇప్పుడే అమ్ముతుంటే బేస్‌లైన్ పాడైపోతుంది. చివరి ఆదివారం ప్రారంభోత్సవం దాకా ఆపమనండి."

"ఎనిమిది వారాలే కదా" అన్నాడు బ్యాంకు ఆఫీసరు. "పాపం, విశ్రాంతి అనుకోమనండి."

ఆపమని చెప్పడానికి వాళ్లింటికి నేనే వెళ్లాను. మెడలో కార్డు ఉంది. అమ్మాయి తండ్రి వైపు చూసింది. ఆయన మంచం మీదనుంచే మాట్లాడాడు.

"అన్నా, నువ్వు పైనుండెటోనివి, నీకు ఎరుకలేదు. ఒక చేతి రొట్టె తిని దిగి, మంచిగ పైకొచ్చినోడు ఆ చెయ్యి ఇడిసిపెట్టడు. ఇడిసి ఇంకో చెయ్యి పట్టిండంటె మల్ల ఎనుకకు రాడు. కిందికి దిగెటోనికి అదొక భయం. ఎనిమిది వారాలంటె మా బిడ్డ చెయ్యి పాయె."

నేనేం చెప్పానో రాయడానికి ఇప్పుడు రోత పుడుతోంది. అది మూఢనమ్మకమని చెప్పాను. కొనేవాడి నమ్మకాన్ని తయారు చేయవచ్చని, దానికి పద్ధతులున్నాయని, నేను నాలుగు పుస్తకాల్లో చదివానని చెప్పాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మరునాటి నుంచి ఆమె చౌరస్తాకు పోలేదు.

ప్యాకింగు పాఠం నాదే. వారం రోజులు తయారయ్యాను. పాత పేపరు వద్దన్నాను. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, ఫోర్కు, మీద ఇంగ్లీషు అక్షరాల్లో పేరున్న స్టిక్కరు. ఆమె చెయ్యెత్తింది.

"కాక, డబ్బలకెల్లి చేత్తోని తియ్యాలె గద. కింద చేతులు కడుగను నీళ్లేడియి?"

"నీళ్ల సీసా ఉంటది గద అందరి దగ్గర."

"తాగను తీస్కపోయిన నీళ్లు చేతులకు పోస్కుంటరా?"

"ఫోర్కు ఉంది కదా" అన్నాడు సమన్వయకర్త.

"ఫోర్కుతోని జొన్నరొట్టెనా సార్?" వెనుక ఎవడో గురక లాంటి నవ్వు నవ్వాడు. ఆమె ఆగలేదు. తోక ఎందుకో, చివరి ముక్క ఎలుకలకు ఎందుకో వివరంగా చెప్పింది. ఆ హాల్లో పన్నెండు ఆదివారాల్లో ఎవరైనా చెప్పిన అసలైన పాఠం అదొక్కటే. ఎలుక అనే మాట వినగానే సమన్వయకర్త మొహం చిట్లించాడు.

"ప్లీజ్, ఆ మాట స్టేజీ మీద మాత్రం వద్దు."

నాకు నా పాఠం పాడవుతోందని కోపం వచ్చింది. "క్లాసుల కాక అనకు, సార్ అను" అన్నాను. ఆమె కూర్చుంది. అప్పటి నుంచి ఈ రోజు వరకు నన్ను సార్ అనే పిలుస్తోంది.

ప్రారంభోత్సవం ఆదివారం పొద్దెక్కాక పెట్టారు. షిఫ్టుకు పోయే మనిషి ఒక్కడూ అటు రాని వేళ అది. తల్లి రాత్రి నుంచే కాల్చిన నలభై రొట్టెలు, కాలినవి కాలినట్టే వేడివేడిగా డబ్బాల్లో పెట్టి మూతలు వేయించాం. మా రామగుండం ప్రాంతపు ఎండాకాలం, హాలు రేకుల కప్పు. అతిథులు వచ్చేసరికి మూతల లోపల ఆవిరి నీళ్లై కారుతోంది. రొట్టెలు మెత్తబడి, ప్లాస్టిక్ వాసనా ఎల్లిగడ్డ వాసనా కలిసి పులిసిన గుడ్డ కంపు కొడుతున్నాయి. సెలవు మీద ఉన్న ఒక ముసలి కార్మికుడు దారిన పోతూ లోపలికి వచ్చి, ఒక మూత తీసి చూశాడు.

"ఏంది బిడ్డా, మనం పని చేసి చెమటలు పట్టాలె గని, రొట్టెకు పట్టిందేంది?" అని మూత మళ్లీ వేసి, మర్యాదగా పక్కకు పెట్టి పోయాడు.

అతిథులు మాత్రం తిన్నారు. అంటే, ఫోటో కోసం ఒక్కొక్కరు ఒక్కో డబ్బా తీసుకుని, ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, నవ్వి, డబ్బా కింద పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. మొదటి బహుమతి ఆమెకే వచ్చింది. అట్ట చెక్కు ఒక కొస ఆమె పట్టుకుంది, ఒక కొస నేను పట్టుకున్నాను. అయ్యాక స్టేజీ వెనక్కి పోతే, ఒక్క కొరుకు పడ్డ రొట్టెలు, అసలు మూతే తీయని డబ్బాలు కుప్పగా ఉన్నాయి. ఈగలు ముసిరాయి. ఆ తల్లి వాటిని ఒక్కొక్కటే విప్పి గేదెల కోసం సంచిలో వేసుకుంటోంది. కింద ఎలుకలకు చివరి ముక్క మర్యాదగా పెడతారు. మేం నలభై రొట్టెలకు ఆ మర్యాద కూడా చేయలేదు. అదంతా చూశాను. అయినా అప్పుడు నేను చేసిందేమిటి? పోయి టీ తాగాను. ఆఫీసరు నా భుజం తట్టాడు. నాకు ఆ తట్టడం బాగానే అనిపించింది.

చెక్కు డబ్బు రాలేదు. నెల తర్వాత ఫోన్ చేస్తే, పెట్టుబడి విడుదల చేయాలంటే గత మూడు నెలల అమ్మకాల వివరం కావాలన్నాడు సమన్వయకర్త.

"ఆపమన్నది మీరే కదా" అన్నాను.

"నిజమే సార్. కానీ రికార్డు లేకుండా ఎలా రిలీజ్ చేస్తాం? ఫారంలో కూడా వ్యాపారం లేదనే ఉంది."

ఆ 'లేదు' నా దస్తూరిదే. ఎవరూ ఆ డబ్బు తినలేదు, ఎవరూ మోసం చేయలేదు. అందరూ మంచివాళ్లే, అందరూ ఆదివారాలు వదులుకున్నవాళ్లే. అదే నాకు ఎక్కువ అసహ్యం. దొంగ అయితే తిట్టుకునేవాణ్ణి. ఇక్కడ తిట్టడానికి ఒక కాగితం, దాని మీద నా అందమైన అక్షరాలు తప్ప ఏమీ లేవు. తర్వాత అతను వేరే ఊరి కార్యక్రమానికి మారాడు. ఆ తర్వాత రంగుల పుస్తకం వచ్చింది.

ప్రారంభోత్సవం కాగానే ఆమె చౌరస్తాకు తిరిగి పోయింది, అదే గంప, అదే తోక రొట్టెలు. అప్పటికి ఆమె చోట మోపెడ్ మీద పూరీలు అమ్మే మనిషి నిలబడుతున్నాడు. పూరీలేమంత బాగుండవు, నూనె కారుతుంటాయి. అయినా ఒకప్పుడు ఆమె దగ్గర కొన్నవాళ్లు తల దించుకుని అతని దగ్గరికే పోయేవాళ్లు. ఒకరోజు నేను అక్కడే ఉన్నాను. బొగ్గు తవ్వే ఒక కోల్‌కట్టర్ ఆమె ముందు ఆగి, రొట్టె కొనలేదు, మాట మాత్రం చెప్పాడు.

"బిడ్డా, నీ రొట్టె మంచిదే. గని ఆయన చెయ్యి పట్టినంక రెండు నెలలాయె, ఏం గాలే. ఇప్పుడు మారుస్తె మనసొప్పుతలేదు. ఏమనుకోకు."

"ఏమనుకోను కాక, పైలంగ పో" అంది. ఆమె తండ్రి చెప్పిన మాట పొల్లుపోలేదు.

క్షమించమని అడగడానికి వాళ్లింటికి వెళ్లాను. ఇక్కడ కూడా నా బుద్ధి చూడండి, చేతిలో ఒక పుస్తకం పట్టుకుపోయాను, చిన్న వ్యాపారాలు నిలదొక్కుకోవడం గురించి. ఇంట్లోకి పోగానే అట్ట చెక్కు కనిపించింది. పడమటి కిటికీకి ఎండ రాకుండా అడ్డం పెట్టారు. దాని మీద ఆఫీసరు సంతకం తలకిందులుగా ఉంది. తండ్రి దాని నీడలో పడుకుని ఉన్నాడు.

ఆమె పుస్తకం ముట్టుకోలేదు. "పుస్తకం వద్దు సార్. ఒకటి అడుగుత, చెప్తవా?"

"అడుగు బిడ్డా."

"వేరే బాయిలకెల్లి బదిలీ మీద మనుషులు వస్తరు గద, శ్రీరాంపూర్ దిక్కెల్లి గిట్ల. వాళ్లకు కొత్త బిళ్ళలు మీ కిటికీల్నే ఇస్తరు గద?"

"అవును."

"కొత్తోళ్లకు ఈడ ఇంకా ఏ చెయ్యి ఉండదు. పేర్లొద్దు. ఏ రోజు దిగుతున్నరో, ఏ బస్సుకు వస్తున్నరో చెప్పు, గంతే."

నేను చదివిన పుస్తకాల్లో దీనికి ఒక పెద్ద మాట ఉంది. అది నాలుక కొసదాకా వచ్చింది. మింగేశాను. ఇరవై ఏళ్లు ఆ కిటికీలో కూర్చున్న నాకు తట్టనిది, ఆ కిటికీని ఎన్నడూ చూడని పిల్లకు తట్టింది. పుస్తకాన్ని మళ్లీ చంకలో పెట్టుకుని వచ్చేశాను.

అప్పటి నుంచి కొత్త బిళ్ళ ఇచ్చిన ప్రతి సాయంత్రం వాళ్లింటి ముందుగా నడిచి పోతాను. లోపలికి పోను. "రేపు ముగ్గురు, రెండో బస్సు" అని చెప్పి సాగిపోతాను. ఇప్పుడు ఆమెకు పద్నాలుగు మంది ఉన్నారు. ముప్పై కాలేదు. పొయ్యి రాలేదు. నెల కిందట నేనూ ఒక రొట్టె కొనబోయాను.

"నువ్వు కిందికి దిగవు గద సార్" అంది. "పైనున్నోళ్లకు హోటళ్లున్నయి." పక్కన నిలబడ్డవాళ్లు పకపకా నవ్వారు. ఆమె నవ్వలేదు, నాకు రొట్టె ఇవ్వలేదు.

ఇది రాస్తున్నానని ఆమెకు చెప్పాను. "పేరు రాయకు. ఒక్కపాలి పుస్తకంల ఎక్కిచ్చినవ్, సాలు" అంది. అందుకని సాయపడ్డవాళ్లకు పేర్లతో కృతజ్ఞతలు చెప్పలేను. వాళ్ల దీపాల నంబర్లు నోటికి వచ్చినా అవీ రాయను. అబద్ధం పక్కన అరలో జాగా ఇస్తానన్న లైబ్రేరియన్ అన్నకు దండం. చెమట పట్టిన రొట్టె మీద మూత మర్యాదగా వేసిన ముసలాయనకు దండం. తోక పట్టుకుని ఎలా తింటారో ల్యాంపు రూం ముందు కూర్చుని ఒక ఖాళీ పేపరుతో నాకు చూపించిన ముగ్గురు మనుషులకు, శ్రీరాంపూర్ నుంచి వచ్చి మొదటి రోజే ఆమె చెయ్యి పట్టుకుని ఇప్పటికీ వదలని పెద్దమనిషికి, నాకు ఎరుకలేదని ముందే చెప్పిన ఆ తండ్రికి, నన్ను సార్ అనడం మానని ఆ అమ్మాయికి.

తల్లి ఇంకా కోడి కూయక ముందే లేచి, ఒక్కొక్క రొట్టే కాలుస్తోంది. ఆమెకు కృతజ్ఞత చెప్పే మొహం నాకు లేదు.